కరిగే అక్షరాలు రాసినాయన

1970 నవంబరు 18, బుధవారం. సాయంత్రం నాలుగు గంటలు. స్థలం: ప్రెస్సు ముందుగది. హాజరైనవారు: యజమాని సేఠ్ గారు, క్రైస్తవ మిషన్ తరఫున సంఘపెద్ద గారు, ఆయన వెంట వచ్చిన గుమాస్తా, మెషీన్‌మాన్ ఖాసిం భాయ్, నేను.

ఆ రోజు నా డైరీలో ఉన్నది ఇంతే. అయిదుగురిని రాసుకున్నాను. గదిలో ఉన్నది ఆరుగురు. ఆరో మనిషి తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మేమందరం మాట్లాడింది ఆయన గురించే. అయినా ఆయన్ని రాయలేదు. మరిచిపోయి కాదు. ఇన్నేళ్ళుగా డైరీ రాస్తున్నవాణ్ని, ఎక్కడ ఎవరున్నారో రాయడం మరిచిపోయే అలవాటు నాకు లేదు.

పోయిన నెల ఒక చిత్రకళా కళాశాల టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. పాత పోస్టర్ల మీద ఏదో పుస్తకం రాస్తున్నదట. సికింద్రాబాదులో ఎవరింట్లోనో ట్రంకుపెట్టె అడుగున దొరికిందని ఒక పోస్టరు ఫోటో తీసి నా ముందు పెట్టింది. నీలం మీద నారింజ. నోరు తెరిచి పాడుతున్న ఒక ఆడమనిషి ముఖం. జుట్టంతా అక్షరాలు. తల వెనక కిరణాలు.

"కింద ప్రెస్సు పేరుంది సార్. గీసినవాళ్ళ పేరు లేదు. అప్పట్లో మీరే మేనేజరట కదా?"

పేరు చెప్పాను. ఆమె రాసుకుంది. ఆయన చనిపోయి చాలా ఏళ్ళయిందని కూడా చెప్పాను.

"ఎలాంటి మనిషి సార్?"

"మంచి పనివాడు" అన్నాను.

ఆమె వెళ్ళిపోయాక ఆ జవాబు నాకే రోత పుట్టించింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆమెకు చెప్పిన పేరు ఇక్కడ మాత్రం రాయను. రాయవలసిన రోజున రాయలేదు. ఇప్పుడు రాసి, లెక్క సరిచేశానని నన్ను నేను మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

మా ప్రెస్సు నాంపల్లి స్టేషను వెనక సందులో ఉండేది. నేను 1956లో ప్రూఫులు దిద్దే గుమాస్తాగా చేరాను. అప్పటిదాకా అక్కడ ఎక్కువగా ఉర్దూ పని. ఉర్దూను చేత్తో రాసి రాతి మీద నుంచి అచ్చు వేసేవాళ్ళు. ఆ రాసేవాళ్ళను కాతిబులు అనేవారు. నున్నగా అరగదీసిన బండ మీద జిడ్డు సిరాతో రాస్తారు. బండను తడిపి రంగు రోలరు దొర్లిస్తే, తడి ఉన్నచోట రంగు అంటదు, జిడ్డు గీత ఉన్నచోటనే అంటుతుంది. దాని మీద కాగితం వేసి నొక్కితే అచ్చు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. కాగితం మీద తిన్నగా రావాలంటే రాతి మీద అంతా తిరగేసి రాయాలి.

ఆ ఆరో మనిషి, పోస్టరు గీసినాయన, మెదక్ వైపు నుంచి వచ్చిన తెలుగు క్రైస్తవుడు. మా ప్రెస్సులో చివరి కాతిబు అయిన ముసలి ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. అయినా నేను 'నువ్వు' అనేవాణ్ని, ఆయన నన్ను 'సార్' అనేవాడు. రాసేటప్పుడు ఇప్పుడు 'ఆయన' అంటున్నాను.

తిరగేసి రాసి రాసి ఆయనకు లోకమే తిరగబడింది. ఆబిడ్స్‌లో మంగలి షాపులో కూర్చుంటే, ఎదుటి అద్దంలో కనిపించే వీధి బోర్డులన్నీ గడగడ చదివేవాడు. బయటికి వచ్చి అవే బోర్డుల ముందు నిలబడితే ఒక్క క్షణం ఆగేవాడు. "ఇది ఉల్టా ఉన్నది సార్" అని నవ్వేవాడు.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నూనె తగిలిన వస్తువు ముట్టేవాడు కాదు. మధ్యాహ్నం అన్నం చెంచాతో తినేవాడు. ఖాసిం భాయ్ మిర్చి బజ్జీలు తెచ్చి ఊరించేవాడు.

"తీస్కో ఆర్టిస్ట్ సాబ్, ఒక్కటి తింటే ఏం కాదు."

"వేలి జిడ్డు రాయికి అంటితే అది గూడ అచ్చయితది భాయ్. రేపు బొమ్మల దేవుని గడ్డం మీద నా బొటనవేలు కనవడ్తది."

"మరి బిర్యానీ గూడ చెంచాతోనే తింటవా? తోబా తోబా! నీకు జన్నత్ లేదు పో."

పని చేస్తూ కూనిరాగం తీసేవాడు. అది ఏ పాటో ఎవరికీ తెలిసేది కాదు. ఆదివారం చర్చి క్వయర్‌లో ఆయనది అడుగు గొంతు. నలుగురు నాలుగు రకాలుగా పాడితే పాట అవుతుంది. ఆయన తీసేది అందులో కింది భాగం ఒక్కటే. పాటలో పైన ఉండే అసలు వరస ఆయన మనసులో ఉండేది, మాకు కిందిదే వినపడేది. నేను చాలా ఏళ్ళు ఆయనకు పాట రాదనుకున్నాను.

"గీత ఊపిరి తీసుకోవాలె సార్." ఇది ఆయన ప్రతి ప్రూఫు దగ్గరా అనే మాట. నేను ప్రూఫులో తప్పులు వెతికేవాణ్ని. ఆయన తప్పు లేని గీతను కూడా చూపించి, "ఇది చచ్చిపోయింది" అని బాధపడేవాడు. నాకు తేడా కనిపించేది కాదు. కనిపించినట్టు తల ఊపేవాణ్ని.

ఇక ఆ పోస్టరు సంగతి.

ఆయన పాడే చర్చిలోని ముగ్గురు కాలేజీ కుర్రవాళ్ళు గిటార్లు, డ్రమ్ములు సంపాదించి ఒక గుంపు కట్టారు. ఆబిడ్స్‌లో ఒక హాలు మాట్లాడుకుని సంగీతం పెట్టుకున్నారు. పోస్టరు కావాలని మా దగ్గరికి వచ్చారు. పేర్లు, వేళలు సరిచూడడానికి ఒక సాయంత్రం ఆయన వెంట నేనూ చిరాగ్ అలీ గల్లీలో వాళ్ళ గదికి వెళ్ళాను.

మేడ మీద చిన్న గది. నేల మీద రికార్డు ప్లేయరు. విదేశంలో ఉన్న చుట్టం ఎవరో పంపిన రికార్డు పెట్టారు. మొదట నాకు అది మెషీన్ బేరింగు అరిగితే వచ్చే చప్పుడులా వినిపించింది. గిటారు ఒక్క స్వరం పట్టుకుని వదలదు. అది సాగి సాగి కూతగా మారి, ఆ కూతలోంచి ఆర్గాన్ లేస్తుంది. పాట ఎక్కడ మొదలైందో, ఎప్పుడు అయిపోతుందో తెలియదు. నేను గడియారం చూసుకున్నాను. ఆయన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. చూపుడు వేలు మోకాలి మీద నెమ్మదిగా కదులుతోంది. తాళం వేస్తున్నాడనుకున్నాను. పరీక్షగా చూస్తే గీస్తున్నాడు.

రికార్డు ఆగింది.

"కింద ఉన్నది ఏం బాజా బిడ్డా? లావు గొంతుది?" అని అడిగాడు.

"అది బాస్ గిటార్ అంకుల్."

"గదే! నేను పాడేది గదే." నా వైపు తిరిగాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు. "విన్నరా సార్? గా కిందిది లేకుంటే పైదంత కూలిపోతది."

ఆ చుట్టమే పంపిన చిన్న రంగుల కాగితం ఒకటి కుర్రవాళ్ళు తీసి చూపించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇలాంటి సంగీతానికి ఇలాంటివే అంటిస్తారట. అక్షరాలు పక్కపక్కన బుద్ధిగా నిలబడలేదు. ఉబ్బి, వంగి, ఒకదాని సందులో ఒకటి దూరి, అన్నీ కలిసి ఒక మంట ఆకారం కట్టాయి. ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కన పడి కళ్ళను నిలవనియ్యడం లేదు. నేను అయిదు నిమిషాలు చూసి ఒక్క మాట కూడా చదవలేకపోయాను. చెప్పాను కూడా.

"ఇట్లాంటిది గోడకు అంటిస్తే ఎవరు చదువుతారయ్యా?"

"ఆగి చూసినోడు చదువుతడు సార్. తొందర ఉన్నోడు బస్సు బోర్డు చూసుకుంటడు."

కుర్రవాళ్ళు పగలబడి నవ్వారు. ఆయన నవ్వలేదు. కాగితాన్ని ఒడిలో పెట్టుకుని, "ఇది మనకు కొత్తది గాదు" అన్నాడు. "మా ఉస్తాద్ దువా, మన ప్రార్థన లెక్క, రాసి రాసి పులి బొమ్మ చేస్తుండె. తోక గూడ అక్షరమే. పిట్ట బొమ్మ గూడ చేసిండు. ఇంగ్లీషు అక్షరాలు కర్రపుల్లలు సార్, పాపం వాళ్ళు గంత కష్టపడి వంచిన్రు. మన తెలుగు పుట్టుడే గుండ్రంగ పుట్టింది. జర వేడి చూపిస్తే సాలు, కరుగుతది."

ప్రెస్సులో ఆయనకు అప్పటిదాకా ఎవరూ అలాంటి పని ఇవ్వలేదు. అగరుబత్తి లేబుళ్ళు, పెండ్లిపత్రికలు, మిషన్ వాళ్ళ ఏసుప్రభువు క్యాలెండరు. అన్నీ ఇలాగే ఉండాలని ముందే చెప్పినవే. ఈ పోస్టరు ఒక్కటే ఆయన సొంతం. పదకొండు రోజులు చేశాడు. 'సంగీత సాయంత్రం' అన్న రెండు మాటలు తీసుకున్నాడు. అందులో మూడు సున్నలున్నాయి. రెండు సున్నలు కళ్ళయ్యాయి, మూడోది తెరిచిన నోరు. మిగిలిన అక్షరాలు ఆ నోట్లోంచి వచ్చిన కూతలా పైకి లేచి జుట్టయి, భుజాల మీదికి కారిపోయాయి. నీలం రాయి ఒకటి, నారింజ రాయి ఒకటి.

"రెండు రంగులు ఒకే బరువు ఉండాలె సార్. ఒకటి ఎక్కువైతే ఇంకోటి లొంగుతది. సమానం ఉంటే అంచు దగ్గర కొట్లాడుకుంటయ్. గా కొట్లాటనే ఆ పాట."

తల వెనక ఖాళీ చోటు మిగిలింది. అక్కడ వెలుగు రావాలన్నాడు. దానికి ఇంకో నాలుగు రోజులు కావాలన్నాడు. నేను పని తేదీలు రాసుకునే మనిషిని. మిషన్ క్యాలెండరు వెనకబడుతోంది. అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది.

ఒక రాతి మీది బొమ్మను ప్రత్యేకమైన కాగితం మీదికి ఎత్తి, ఇంకో రాతి మీదికి దించే పద్ధతి ఉంది. ట్రాన్స్‌ఫర్ అంటాం. ఒకసారి గీసినదాన్ని మళ్ళీ గీయనక్కరలేదు. రోజూ చేసే పనే.

"కిరణాలు మళ్ళీ గీయడమెందుకయ్యా? క్యాలెండరు రాతి మీద ప్రభువు వెనక ఉన్నాయి కదా. అవి ఎత్తి ఇక్కడ దించు."

ఆయన చప్పున నా వైపు చూశాడు. "గవి ప్రభువువి సార్."

"కిరణాలకు పేరుంటుందా? సూర్యుడి వెనకైనా అవే, లేబుల్ మీద దీపం వెనకైనా అవే."

"ఎవరన్న గుర్తువడ్తే?"

"ఎవరు గుర్తుపడతారు? కానీయ్."

ఖాసిం భాయ్ పక్కనే సిరా కలుపుతున్నాడు, అంతా విన్నాడు. ఆ రోజు పని కాగితంలో నా చేత్తో రాశాను: కిరణాలు, క్యాలెండరు రాయి నుంచి ట్రాన్స్‌ఫర్. కింద సంతకం. ఆ కాగితం ఫైలులో పెట్టి, ఫైలు బీరువాలో పెట్టి తాళం వేశాను. నా పద్ధతి అది.

మెషీన్ మీద రెండో రంగు పడ్డప్పుడు ఖాసిం భాయ్ మెషీన్ ఆపేశాడు.

"యా అల్లా! ఆర్టిస్ట్ సాబ్, కాగితం కదుల్తుందా, నా కండ్లు తిరుగుతున్నయా?"

"కండ్లే భాయ్. నడిపించు."

ప్రూఫు నా బల్ల మీదికి వచ్చింది. తప్పులు వెతకడానికి వంగినవాణ్ని కాసేపు వెతకడం మానేశాను. చిరాగ్ అలీ గల్లీలో నాకు చప్పుడుగా వినిపించింది ఇక్కడ కనిపించింది. ఆయన పక్కన నిలబడి ఉన్నాడు. "బాగుంది" అన్నాను. ఆయన పనిని నేను అలా అనడం అదే మొదటిసారి. ఆయన చేతులు తుడుచుకుంటూ వెళ్ళి, ఖాసిం భాయ్ దగ్గర నిలబడి, "సార్ బాగున్నదన్నడు" అని చెప్పడం నాకు వినపడింది.

పోస్టర్లు ఆబిడ్స్‌లో పోస్టాఫీసు చుట్టుపక్కల, మొజంజాహీ మార్కెట్ దాకా అంటించారు. సోమవారం ఆఫీసుకు నేను కావాలనే ఆ దారిన వచ్చాను. మార్కెట్ దగ్గర ఒక రిక్షావాడు రిక్షా నిలిపి, తల ఒక పక్కకు వంచి చూస్తున్నాడు. ఎక్కి కూర్చున్నాయన కోప్పడుతున్నాడు. "చల్తూం సాబ్, ఏక్ మినట్" అంటున్నాడు. మా ఆర్టిస్టు చెప్పినట్టే ఒకడు ఆగి చూశాడని ప్రెస్సుకు వచ్చి చెప్పాలనుకున్నాను. పనిలో పడి చెప్పలేదు.

బుధవారం సంఘపెద్ద వచ్చారు. ఆయన కోస్తా వైపు మిషన్ ఊరి నుంచి వచ్చిన రిటైరైన హెడ్మాస్టరు. మర్యాదస్తుడు. మా ప్రెస్సుకు వచ్చే పనిలో ఎక్కువ భాగం ఆయన సంతకంతోనే వచ్చేది. నడవా దాటి వస్తూ లోపల పని చేసుకుంటున్న ఆర్టిస్టును, ఖాసిం భాయ్‌ని కూడా రమ్మని పిలిచారు. సేఠ్ గారు కూర్చోమంటే సంఘపెద్ద కూర్చోలేదు. గుమాస్తా చేతిలోంచి పాత క్యాలెండరు ఒకటి, గోడ మీద నుంచి ఒలిచిన పోస్టరు ఒకటి తీసుకుని సేఠ్ గారి బల్ల మీద పక్కపక్కన పరిచారు.

"చూడండి సేఠ్ గారూ. ఎడమవైపు మూడో కిరణం. మధ్యలో విరిగి ఉంది. మా క్యాలెండరులో ఏటా విరిగే ఉంటుంది. మీ రాయి అక్కడ పెచ్చు లేచిందని మీ వాళ్ళే చెప్పారు. ఇదిగో, ఇక్కడా విరిగే ఉంది."

సేఠ్ గారు కళ్ళజోడు పెట్టుకుని రెండూ చూశారు. తీసి నన్ను చూశారు. "ఏంది మేనేజర్ సాబ్ ఇది?"

"మా ప్రభువు తల వెనక ఉండే వెలుగండీ అది" అన్నారు సంఘపెద్ద. ఆ గొంతులో కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది. "ఇళ్ళల్లో దాని ముందు నిలబడి ప్రార్థన చేసుకుంటారు. దాన్ని తెచ్చి ఈ గంజాయి పాటల పిల్ల వెనక పెట్టారు. ఎవరికి వచ్చిందండీ ఈ ఆలోచన?"

నాకు వచ్చింది. ఆ రెండు మాటలు చెబితే సరిపోయేది. తొందరలో, పని తేలికవుతుందని చేశాను, క్షమించండి అంటే ఆ పెద్దమనిషి బహుశా క్షమించేవారు. సేఠ్ గారు నాలుగు తిట్టేవారు. మేనేజరునై అప్పటికి రెండేళ్ళు. నాకు ఆ కుర్చీ కనిపించింది.

"ట్రాన్స్‌ఫర్ పని ఆర్టిస్టు చూసుకుంటాడండీ. నా దాకా రాలేదు" అన్నాను.

ఎంత శుభ్రంగా అన్నానో నాకింకా గుర్తుంది. తడబడలేదు.

ఖాసిం భాయ్ నోరు తెరిచాడు. "సేఠ్ సాబ్, ఆ రోజు..."

"ఖాసిం భాయ్" అన్నాడు ఆయన తలుపు దగ్గర నుంచి, "రోలర్ మీద సిరా ఎండుతుండొచ్చు. జర చూడు పో."

ఖాసిం భాయ్ కదల్లేదు. నోరు మాత్రం మూసుకున్నాడు. ఆర్టిస్టు బీరువా వైపు చూశాడు. ఫైలు అందులో ఉందని ఆయనకు తెలుసు. తాళంచెవి నా జేబులో ఉందనీ తెలుసు. తరువాత నా వైపు చూశాడు. అందులో కోపం ఉంటే నేను ఇంతకాలం ఇది మోయనవసరం లేకపోయేదేమో. నేను మళ్ళీ మాట్లాడతానేమోనని ఎదురుచూశాడు, అంతే. నేను బల్ల మీది కాగితాల అంచులు సరిచేస్తున్నాను.

"ఔ అయ్యగారూ" అన్నాడు. "నేనే దించిన. ఎగతాళికి చెయ్యలే. తప్పయింది."

"నువ్వా?" సంఘపెద్ద నిజంగా నమ్మలేకపోయారు. "ఆదివారం క్వయర్‌లో నిలబడి పాడేవాడివి. ఆ పాడే నోటికి సిగ్గనిపించలేదటయ్యా? ఈ ఆదివారం నుంచి నువ్వు క్వయర్‌లోకి రావద్దు."

అప్పటిదాకా కదలకుండా ఉన్న మనిషి, ఆ మాటకు తలుపు చెక్క పట్టుకున్నాడు. కొద్దిసేపటికి దండం పెట్టి లోపలికి, తన రాయి దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఎందుకు నన్ను కాపాడాడో నాకు తెలియదు. నా మీద ప్రేమ ఉందనుకోను. నా ముఖం చూసి, ఇతనితో వాదించి గెలిచినా ఏమొస్తుంది అనుకున్నాడేమో. అడిగే అవకాశం తరువాత చాలాసార్లు వచ్చింది. ఆయన బేగం బజార్‌లో దుకాణాలకు బోర్డులు రాస్తున్నాడని విన్నాను. ఆ వైపు పని పడితే నేను వేరే సందులోంచి వెళ్ళేవాణ్ని.

సంఘపెద్ద వెళ్ళాక సేఠ్ గారు రెండు ఉత్తరువులిచ్చారు. గోడల మీద పోస్టర్లన్నీ వెంటనే పీకించాలి. ఆర్టిస్టును పనిలోంచి తీసేయాలి.

"ఇప్పుడే పోయి చెప్పు. మిషన్ పని పోతే మనం దుకాణం బంద్ చేసుడే."

నేను సరేనని, లేచి, నడవాలో నాలుగు అడుగులు వేసి ఆగాను. లోపల దీపం కింద ఆయన వీపు కనిపిస్తోంది. వచ్చే సంవత్సరం క్యాలెండరు ఎరుపు రాయి మీద పని చేస్తున్నాడు. మిగతా రంగుల రాళ్ళు పూర్తయ్యాయి. ఇదొక్కటే సగంలో ఉంది. ప్రభువు మీది అంగీ, దాని మడతలు. ఆ మడతల్లో చుక్కలు చుక్కలుగా నీడ పెట్టడం ఊళ్ళో ఇంకెవరికీ రాదు. రాళ్ళ పని చేసేవాళ్ళే మిగలలేదు, పెద్ద ప్రెస్సులన్నీ రాళ్ళు వదిలి రేకు ప్లేట్లకు మారిపోయాయి. ఇప్పుడు చెబితే లేచి వెళ్ళిపోతాడు. క్యాలెండరు ఆగిపోతుంది.

వెనక్కి వచ్చాను. "చీటీ రాసి రేపు ఇస్తాను సేఠ్ సాబ్. పద్ధతిగా ఉంటుంది" అన్నాను. ఆయన సరే అన్నారు. కారణం అడగలేదు. ఈ ఆలోచన ఆయనది కాదు. పూర్తిగా నాది. చీటీ అప్పుడే రాసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు ఉదయం ఆయన ఎప్పటిలాగే ఎనిమిదిన్నరకు వచ్చాడు. చేతులు సబ్బుతో కడుక్కుని, రాయికి చెయ్యి తగలకుండా అడ్డంగా వేసుకునే పలక సర్దుకుని కూర్చున్నాడు. నేను మూడుసార్లు లోపలికి వెళ్ళాను. ఎంతవరకు వచ్చిందో చూడడానికి. మొదటిసారి వెళ్ళినప్పుడు కలం పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఏమన్న చెప్తరా సార్?"

"ఏం లేదు. కానీయ్."

రెండోసారి తల ఎత్తి, "పిల్లల పాట ఉంటదా సార్, బంద్ చేయించిన్రా?" అన్నాడు.

"ఉంటుంది. హాలు వాళ్ళు ఏమీ అనలేదట."

"మంచిది" అని మళ్ళీ వంగాడు. మోకాళ్ళ దగ్గర మడతలు అయిపోయాయి, అంచు మిగిలింది. మూడోసారి ఆయన తల ఎత్తలేదు.

పదకొండున్నరకు పిలిచాడు. ప్రూఫు తీశాం. నేను పై నుంచి కింది దాకా చూశాను. ఒక్క చుక్క తప్పు లేదు. రోజూ లాగే సంతకం చేశాను. ఆయన కలాలు కడిగి, గుడ్డలో చుట్టి పెట్టాక, చీటీ తీసి ఇచ్చాను.

వెలుతురు కోసం కిటికీ దగ్గరికి వెళ్ళి చదివాడు. రెండు వాక్యాల చీటీ. చదవడానికి అంతసేపు పట్టకూడదు.

"నిన్నటి తారీఖు ఉన్నది సార్" అన్నాడు.

రాసిన రోజు తేదీ వేయడం నా అలవాటు. 

"పొద్దుగాలనే ఇచ్చుంటే అయిపోయేది గద సార్" అన్నాడు. గొంతు పెంచలేదు. "రాయి సగంల ఇడిచిపెట్టి పోయేటోణ్నా నేను?"

కలాల మూట తీసుకుని, ఖాసిం భాయ్ భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పి, గడప దగ్గర చెప్పులు వేసుకున్నాడు. సందు మలుపు దాకానైనా వెంట వెళ్ళవలసింది. నేను మెషీన్ దగ్గరికి వెళ్ళి, ఎరుపు రాయి ఎక్కించమని చెప్పాను.